హనుమకొండ చౌరస్తా దగ్గరి కాఫీ దుకాణం: ఎనిమిది నెలల అనుభవం

హనుమకొండ చౌరస్తాలో చాయ్ కోసం ఎవరూ వెతుక్కోవలసిన పని లేదు. ఏ వైపు నడిచినా నాలుగు అడుగులు వేసేలోపే ఒక చాయ్ బండి, దాని మీద మరుగుతున్న గిన్నె, చుట్టూ నిలబడి తాగేవారు కనిపిస్తారు. కాఫీ సంగతి అలా కాదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో పెరిగిన మా తరం వారికి కాఫీ అంటే ఉడిపి హోటల్లో దోసె తిన్న తరువాత తాగేది, లేదా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు వేడి పాలలో చెంచాడు పొడి వేసి కలిపి ఇచ్చేది. అటువంటి ఊరి నడిబొడ్డున, ఏ పెద్ద కంపెనీ పేరూ తగిలించుకోకుండా, ఒకే యజమాని సొంతంగా నడుపుతున్న ఒక కాఫీ దుకాణానికి నేను ఎనిమిది నెలలుగా వెళ్తున్నాను. మొదట నెలకు ఒకసారి వెళ్ళేదాన్ని, ఇప్పుడు వారానికి రెండు సార్లైనా వెళ్తున్నాను.

దుకాణం పేరు రాయడం లేదు. ఈ సమీక్షలో మెప్పుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. వాటిని యజమాని ఎదుట కూర్చొనే చెప్పాను. కొన్నింటిని ఆయన సరిదిద్దారు, కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. చౌరస్తాకు నడక దూరంలో, మొదటి అంతస్తులో, పది పన్నెండు టేబుళ్ళతో ఉన్న ఆ దుకాణంలో నాకూ, నా కళ్ళ ముందు ఇతరులకూ ఎదురైన అనుభవాలనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాతో మా పెద్దమ్మ ఉంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. పరకాల నుండి కంటి పరీక్ష కోసం వచ్చింది. కంట్లో చుక్కలు వేసి రెండు గంటలు ఆగమన్నారు కనుక, ఎక్కడైనా కూర్చుందామని రెయిలింగ్ పట్టుకొని మెల్లగా మెట్లెక్కించి ఆ దుకాణంలోకి తీసుకొని వెళ్ళాను. లోపల చల్లగా, శుభ్రంగా, వేయించిన గింజల వాసనతో హాయిగా ఉంది. అయితే కౌంటర్ వెనుక గోడ మీద ఉన్న పెద్ద బోర్డులో ఒక్క తెలుగు అక్షరం లేదు. అందులో ఉన్న పేర్లలో సగం నాకూ అర్థం కాలేదు; ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని, అయినా అర్థం కాలేదు. కాఫీ కావాలని అడిగితే కౌంటర్‌లోని అబ్బాయి "ఏ కాఫీ మేడమ్?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, బోర్డులో అన్నింటికంటే పైన ఉన్నదాన్ని వేలితో చూపించి రెండు ఇమ్మన్నాను. ఒక్కొక్కటి 110 రూపాయలు.

వచ్చింది ఎస్ప్రెస్సో. బొటనవేలంత ఎత్తు కప్పులో రెండు గుక్కలకు మించని నల్లటి కాఫీ. పెద్దమ్మ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టి, "గిదేంది బిడ్డా, కషాయం లెక్కున్నది. పాలు పొయ్యరా?" అని అడిగింది. నేను వెళ్ళి అదే మాట అడిగితే, ఎస్ప్రెస్సో అట్లనే ఉంటుందని, పాలు కావాలంటే మరో 30 రూపాయలవుతుందని ఆ అబ్బాయి చెప్పి, తన పనిలో తాను పడిపోయాడు. పెద్దమ్మ మిగిలినదాన్ని ముట్టుకోలేదు. "రెండు వందల ఇరవై రూపాయలు దండుగైనయి" అని దారి పొడుగునా బాధపడింది. ఆమె బాధ డబ్బు గురించి మాత్రమే కాదని నాకు తెలుసు. తనకు తెలియని చోటికి వచ్చి, అడగడం రాక, నలుగురిలో చిన్నబోయినట్టు ఆమెకు అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు కాఫీలో తప్పు ఉండకపోవచ్చు. మెత్తగా మర పట్టిన పొడిని గట్టిగా అదిమి, వాతావరణ పీడనానికి సుమారు 9 రెట్ల పీడనంతో వేడి నీటిని దాని గుండా 25 నుండి 30 సెకన్ల పాటు పంపిస్తే దిగే చిక్కటి ద్రవమే ఎస్ప్రెస్సో. అది నల్లగా, కొంచెమే, ఘాటుగా ఉండాలి. యంత్రం దగ్గర ఆ అబ్బాయి తన పని సరిగానే చేసి ఉంటాడు. ఒక ముసలావిడ, ఆమె పక్కన తడబడుతున్న మరొక ఆడమనిషి బోర్డు వైపు చూస్తూ నిలబడినప్పుడు, ఇంట్లో మీరు ఎటువంటి కాఫీ తాగుతారని ఒక్క మాట అడగకపోవడమే అతని తప్పు. కాఫీ ఇంకా కొత్తగా ఉన్న మన ఊరిలో ఇటువంటి దుకాణాన్ని దేనితో కొలవాలని ఎవరైనా అడిగితే, ఏమీ తెలియకుండా మెట్లెక్కి వచ్చిన మనిషితో అక్కడివారు ఎలా మాట్లాడుతారో చూడమని చెబుతాను.

నెల రోజుల తరువాత, నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి బలవంతం చేస్తే రెండోసారి వెళ్ళాను. ఆ రోజు కౌంటర్‌లో మరొకరు ఉన్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. నేను బోర్డు వైపు చూడకముందే, "ఇంట్ల ఏం తాగుతరు మేడమ్, చాయా, కాఫీనా? చేదు ఉండాల్నా, పాలు ఎక్కువ కావాల్నా?" అని అడిగింది. పాలతో, కొంచెం చక్కెరతో అని చెబితే, అయితే ఫిల్టర్ కాఫీ తాగండి, ధర 70 రూపాయలే, అని తానే తక్కువ ధర ఉన్నదాన్ని సూచించింది. అది తాగిన తరువాత, వేరొకరి కోసం, పొడి మీద వేడి నీళ్ళు పోసి వడపోసిన నల్ల కాఫీలో రెండు గుక్కలంత చిన్న గ్లాసులో పోసి, ఇది పాలు లేకుండా ఎలా ఉందో చూడమని తెచ్చి ఇచ్చింది. దానికి డబ్బు తీసుకోలేదు. అందులో నిమ్మతొక్క వాసన, బెల్లం పాకం వంటి వెనక రుచి ఉన్నాయని నాకు మొదటిసారి తెలిసింది. పెద్దమ్మతో వచ్చిన రోజున ఈ అమ్మాయి ఉంటే ఎంత బాగుండేదని అనుకున్నాను.

ఇక కాఫీ సంగతికి వస్తాను. ఇక్కడ వాడే గింజలు చిక్కమగళూరు నుండి, అరకు నుండి వస్తాయి. ఈ రెండు ప్రాంతాల అరబికా రకం కాఫీలకూ 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు వాడాలన్న హక్కు, వచ్చింది. చిక్కమగళూరుకు ఆనుకొని ఉన్న కొండలలోనే, బాబా బుడాన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి నాటాడని అక్కడివారు చెప్పుకొంటారు. ఆ కొండలకు ఆయన పేరే ఉంది. అరకులో ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచుతూ, అదే చెట్ల మొదళ్ళకు మిరియాల తీగలు పాకిస్తారు. మన తెలుగు రైతు పండించిన గింజ ఇన్నాళ్ళకు మన ఊరిలో ఒక సీసాలో, పంట ఊరి పేరుతో, వేయించిన తేదీతో కనిపించడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ తేదీ కేవలం అలంకారం కాదు. వేయించిన గింజలో బొగ్గుపులుసు వాయువు చిక్కుకొని ఉంటుంది. మొదటి కొన్ని రోజులు అది బయటికి పోతూ ఉంటుంది. ఆ తరువాత కొన్ని వారాల పాటు రుచి నిండుగా ఉంటుంది. ఆపైన గాలి తగిలి గింజలోని నూనెలు పాతబడి, వాసన తగ్గిపోతుంది. నేను చూసినంతవరకు ఇక్కడ నెల దాటిన సీసా ఒక్కసారే కనిపించింది. అడిగితే దాన్ని చల్లటి కాఫీకి మాత్రమే వాడుతున్నామని చెప్పారు.

ఫిల్టర్ కాఫీ విషయంలో వీరి నిజాయితీ నాకు బాగా నచ్చింది. అందులో కాఫీ 80 పాళ్ళు, చికోరీ 20 పాళ్ళు అని చిన్న అట్టముక్క మీద రాసి ఉంచారు. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలిపితే డికాషన్‌కు చిక్కదనం, ముదురు రంగు, కొంచెం తీపి కలిసిన చేదు వస్తాయి. అందులో కెఫీన్ ఉండదు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఏది ఎంత ఉందో పొట్లం మీద రాయాలని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆ నియమం గురించి కొనేవారిలో తెలిసినవారు తక్కువ. అందుకే సగానికి సగం చికోరీ ఉన్న పొడి కూడా మంచి కాఫీ పేరుతో మన ఇళ్ళలోకి వచ్చి చేరుతోంది. వీరి డికాషన్ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి దింపుతారు. మూడింటి తరువాత వెళ్తే రుచి ఎక్కువ; రాత్రి ఎనిమిది దాటితే అదే డికాషన్ కొంత నీరసంగా ఉంటుంది.

వడపోసిన నల్ల కాఫీ మాత్రం మొదట్లో కొన్నాళ్ళు నన్ను ఇబ్బంది పెట్టింది. ఒక రోజు అద్భుతంగా, మరొక రోజు పచ్చి చింతకాయలా పుల్లగా ఉండేది. అవే గింజలు, అదే మనిషి, అదే కొలత. సాధారణంగా ఒక గ్రాము పొడికి 15 లేదా 16 గ్రాముల నీరు పోస్తారు. వీరు తూకం వేసే పోస్తారు కనుక అక్కడ పొరపాటుకు ఆస్కారం లేదు. నాలో ఉన్న పాత లెక్చరర్‌కు నిద్ర పట్టక, నీళ్ళు ఎక్కడివని అడిగాను. ఆర్‌ఓ యంత్రంలో శుద్ధి చేసిన నీళ్ళు అన్నారు. యంత్రంలో నీళ్ళను వడగట్టే పొర కొత్తగా మార్చిన రోజులలో కాఫీ పుల్లగా వస్తోందని ఇద్దరం కలిసి లెక్క తేల్చాము.

దీని వెనుక కారణం సులభంగానే అర్థమవుతుంది. కాఫీ పొడి నుండి రుచిని నీటిలోకి లాగడానికి నీటిలో కొంత కాల్షియం, కొంత మెగ్నీషియం కరిగి ఉండాలి. బైకార్బనేట్లు ఉంటే అవి కాఫీలోని పులుపును కొంత అణచివేస్తాయి. మన దగ్గర బోరు నీళ్ళలో ఇవన్నీ మరీ ఎక్కువ. మా ఇంటి కెటిల్ అడుగున ఆరు నెలలకే తెల్లటి పెచ్చు కడుతుంది. అటువంటి నీళ్ళతో కాఫీ చేస్తే పులుపు, సువాసన రెండూ చచ్చి, చప్పగా ఉంటుంది. పూర్తిగా శుద్ధి చేసిన నీళ్ళలో ఇవేవీ మిగలవు కనుక కాఫీ పలచగా, పుల్లగా, మొనదేలినట్టు వస్తుంది. రెండింటికీ నడుమ ఉన్న నీళ్ళు కావాలి. యజమాని ఈ సంగతి విని నవ్వి ఊరుకోలేదు. వారం రోజులు శుద్ధి చేసిన నీళ్ళలో మామూలు నీళ్ళను, మరిగించి వడపోసి, వేర్వేరు పాళ్ళలో కలిపి చూశారు. నాలుగు గ్లాసులు వరుసగా పెట్టి, ఏది ఏమిటో చెప్పకుండా, ఆ సమయంలో అక్కడ ఉన్న అందరి చేతా రుచి చూపించారు. కాకతీయ యూనివర్సిటీ నుండి వచ్చిన ముగ్గురు విద్యార్థులు, కోర్టు పని మీద వచ్చిన ఒక వకీలు, నేను, అందరం మూడో గ్లాసునే మెచ్చుకున్నాము. అప్పటి నుండి నల్ల కాఫీ ఒకే తీరుగా ఉంటోంది. రుచిలో తేడా వచ్చిందన్న కస్టమర్ మాటను ఇంత శ్రద్ధగా పట్టించుకున్న హోటలు కానీ, దుకాణం కానీ ఈ ఊరిలో నేను మరొకటి చూడలేదు.

ఇక ఇక్కడికి వచ్చేవారి నోట నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు, కాఫీ వేడిగా లేదని. మనం చాయ్‌ని పొగలు కక్కుతూ, సాసర్‌లో పోసి ఊదుకుంటూ తాగడానికి అలవాటు పడినవాళ్ళం. క్యాపచినో వంటి వాటికి పాలను ఆవిరితో 60 నుండి 65 డిగ్రీల వరకే వేడి చేస్తారు. ఆ వేడి దగ్గర పాల తీపి బాగా తెలుస్తుంది, నురుగు వెన్నలా మెత్తగా వస్తుంది. 70 దాటితే పాలలోని ప్రొటీన్లు మారి, నురుగు గరుకెక్కి, కాగిన పాల వాసన వచ్చి కాఫీ వాసనను కప్పేస్తుంది. కనుక వేడి తక్కువగా ఉండటం వారి నిర్లక్ష్యం కాదు. ఇంతవరకు దుకాణం వైపే న్యాయం ఉంది.

అయితే ఒక సాయంత్రం, బాలసముద్రం నుండి భార్యతో కలిసి వచ్చిన ఒక పెద్దాయన కాఫీ చల్లగా ఉంది, మళ్ళీ వేడి చేసి ఇమ్మని అడిగితే, మొదట చెప్పిన ఆ అబ్బాయి, ఇది ఇట్లనే తాగాలని జవాబిచ్చాడు. ఆయన మరో మాట అనకుండా డబ్బు కట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయనను నేను అక్కడ చూడలేదు. మరొక రోజు ఇదే కోరిక ఇంకొకరు కోరినప్పుడు కౌంటర్‌లోని ఆ అమ్మాయి, ఎక్కువ వేడి చేస్తే పాల రుచి మారుతుందని ఒక్కసారి చెప్పి, అయినా కావాలంటే చేసిస్తానని, కొత్త పాలతో పొగలు వచ్చేలా చేసి ఇచ్చింది. ఎలా చేస్తే బాగుంటుందో చెప్పడం దుకాణం పని. ఎలా తాగాలో తేల్చుకోవడం తాగేవారి ఇష్టం. ఈ తేడా తెలిసిన మనిషి కౌంటర్‌లో ఉన్న రోజు ఈ దుకాణానికి సాటి లేదు. తెలియని మనిషి ఉన్న రోజు ఎంత మంచి గింజలు వాడినా వృథాయే. ఈ మాట యజమానితో రెండు సార్లు చెప్పాను. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, పని నేర్పారు గాని మాట నేర్పలేదని ఆయన ఒప్పుకున్నారు. ఈ మధ్య అతనిలో మార్పు కనిపిస్తోంది. పోయిన వారం నర్సంపేట నుండి వచ్చిన ఒక జంటకు అతను ఓపికగా ఒక్కొక్క రకాన్నీ వివరించడం విన్నాను.

తినుబండారాల గురించి చెప్పవలసింది కొంచెమే. ఎగ్ పఫ్, బ్రెడ్డు మీద చేసే రెండు మూడు రకాలు, కేకులు ఉంటాయి. ఉస్మానియా బిస్కెట్లు బాగుంటాయి, ఫిల్టర్ కాఫీకి చక్కగా సరిపోతాయి. మిగిలినవి బయటి బేకరీల నుండి వస్తాయి కనుక సాయంత్రానికి మెత్తబడతాయి. ఆకలితో ఉన్నవారు మరొక చోట తిని రావడం మంచిది.

బిల్లు దగ్గర ఒక చేదు అనుభవం ఉంది. నాలుగో నెలలో ఒక ఆదివారం, మేము ఐదుగురం వెళ్ళినప్పుడు, బిల్లులో జీఎస్టీ కాకుండా సర్వీస్ ఛార్జ్ పేరుతో 10 శాతం అదనంగా వేశారు. హోటళ్ళు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జ్‌ను తమంతట తాముగా బిల్లులో కలపకూడదని, కట్టమని బలవంతపెట్టకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టముంటే ఇచ్చేది టిప్పు. అది ఇచ్చేవారి చేతిలో ఉండాలి. నేను ఈ విషయం చెబితే కౌంటర్‌లో ఉన్న కొత్త అబ్బాయికి అర్థం కాలేదు. యజమానికి ఫోన్ చేశారు. ఆయన వెంటనే తీసివేయమన్నారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు అది దానంతట అదే చేరిందని తరువాత వివరించారు. కారణం ఏదైనా, ఆ రోజు మాకు ముందు, మా తరువాత ఎంతమంది చూడకుండా కట్టి వెళ్ళారో అన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ మరుసటి వారం నుండి సర్వీస్ ఛార్జ్ లేదన్న కాగితం కౌంటర్ మీద అతికించారు. ఎక్కడైనా ఇటువంటిది జరిగి, చెప్పినా తీసివేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

కూర్చునే వసతి గురించి ఆడవాళ్ళ వైపు నుండి ఒక మాట చెప్పాలి. ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు నుండి ఆసుపత్రి పనికో, బట్టలు కొనడానికో హనుమకొండ వచ్చే ఆడవాళ్ళకు రోజంతా ఉండే పెద్ద ఇబ్బంది శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం. చాలామంది అందుకే నీళ్ళు తాగడం మానుకొని తిరుగుతారు. ఇక్కడి మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, లోపల నీళ్ళు, సబ్బు, గడియ సరిగా ఉంటాయి. ఒక్క ఫిల్టర్ కాఫీ తీసుకొని గంట కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చి పుస్తకం చదువుకుంటూ కూర్చోవడం ఇక్కడ మామూలు విషయం; నా చిన్నతనంలో ఈ ఊరిలో అది ఊహకు కూడా అందేది కాదు.

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మధ్యాహ్నం పూట గోడవైపు టేబుళ్ళన్నీ నింపేస్తారు. ఒక కాఫీకి మూడు గంటలు కూర్చుంటారు. వారిని లేపకుండా, సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు మాత్రం రెండు గంటల పరిమితి పెట్టి, ఆ కాగితాన్ని మర్యాదగా రాసి అతికించారు. ఇద్దరికీ న్యాయం జరిగే ఏర్పాటు ఇది. పాటల శబ్దం మాత్రం సాయంత్రం పూట మరీ ఎక్కువ. ఎదురుగా ఉన్న మనిషి మాట వినపడక గొంతు పెంచవలసి వస్తుంది. తగ్గించమంటే తగ్గిస్తారు, పది నిమిషాలలో మళ్ళీ పెరుగుతుంది.

ఆరో నెలలో జరిగిన మార్పు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. బోర్డు మీద తెలుగు లేదన్న నా మొదటి ఫిర్యాదును యజమాని చాలా రోజులు వాయిదా వేశారు. పేర్లను తెలుగు అక్షరాలలో రాసినంత మాత్రాన ఎవరికి అర్థమవుతుందని ఆయన వాదన. ఆ వాదనలో నిజముంది. ఎస్ప్రెస్సో అన్న మాటను తెలుగు లిపిలో రాస్తే పెద్దమ్మ చదవగలదే గాని, ఏం వస్తుందో ఆమెకు తెలియదు. చివరికి పేరు కింద ఒక్కొక్క వాక్యం రాయాలని అనుకున్నాము. కౌంటర్‌లోని ఆ అమ్మాయి, నేను కలిసి ఒక మధ్యాహ్నం కూర్చొని రాశాము. ఎస్ప్రెస్సో: పాలు, చక్కెర లేకుండా, రెండు గుక్కలంత, చాలా ఘాటుగా. అమెరికానో: అదే కాఫీకి వేడి నీళ్ళు కలిపి, పెద్ద కప్పులో. క్యాపచినో: కాఫీ, పాలు, పైన మందమైన నురుగు, చక్కెర మీరే వేసుకోవాలి. లాటే: పాలు ఎక్కువ, కాఫీ రుచి తక్కువ. ఫిల్టర్ కాఫీ: మన ఇంటి కాఫీ లాంటిది, స్టీలు గ్లాసులో. పాలు అదనంగా కావాలంటే డబ్బు లేదు అన్న వాక్యాన్ని చివర యజమానే చేర్చారు.

ఆ బోర్డు పెట్టిన తరువాత నేను గమనించింది ఒకటుంది. ముందు కౌంటర్ దగ్గర పెద్దవాళ్ళు వెనక నిలబడి, పిల్లలను ముందుకు పంపించేవారు. ఇప్పుడు వాళ్ళే ముందుకు వచ్చి చదివి అడుగుతున్నారు. ఒకాయన లాటే దగ్గర వేలు పెట్టి, గిట్ల పాలు ఎక్కువున్నది ఇయ్యి బిడ్డా అంటుంటే విన్నాను.

ధరలు ఈ ఊరికి ఎక్కువే. క్యాపచినో 150, వడపోసిన నల్ల కాఫీ 180 రూపాయలు. పది పదిహేను రూపాయలకు మంచి అల్లం చాయ్ దొరికే చోట ఇవి రోజూ పెట్టగలిగిన ఖర్చు కాదు. నల్ల కాఫీకి ఆ ధర సరైనదేనని నా అభిప్రాయం; గింజకూ, దాన్ని చేయడానికి పట్టే ఐదు నిమిషాల శ్రద్ధకూ అది తగినదే. పైన క్రీము, చాక్లెట్ పోసి 220 రూపాయలకు ఇచ్చే చల్లటి రకాలు మాత్రం ఆ డబ్బుకు తగినవి కావు. వాటిలో కాఫీ రుచి నాకు దొరకలేదు. మొదటిసారి వెళ్ళేవారు ఉదయం పూట, జనం తక్కువగా ఉన్నప్పుడు వెళ్ళి, ఫిల్టర్ కాఫీతో మొదలుపెట్టి, నల్ల కాఫీ రుచి చూపించమని అడగాలి. అడిగితే ఇస్తారు. బండి పెట్టుకోవడానికి కింద చోటు లేదు కనుక ఆటోలో రావడమే సులభం.

తీరని ఫిర్యాదు మెట్ల గురించి. లిఫ్టు లేదు, రెయిలింగ్ ఒక వైపే ఉంది, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు ఈ దుకాణంలోకి రాలేరు. కింది అంతస్తులో చోటు కోసం చూస్తున్నామని యజమాని అంటున్నారు, కానీ చౌరస్తా దగ్గర అద్దెలు అందుబాటులో లేవని కూడా ఆయనే అంటున్నారు.

పోయిన నెల పెద్దమ్మ మళ్ళీ కంటి పరీక్షకు వచ్చింది. ఈసారి మోకాలు వాచి, మెట్లెక్కే స్థితిలో లేదు. కింద బట్టల దుకాణం వారు ఒక స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టారు. నేను పైకి వెళ్ళి సంగతి చెబితే, ఆ అమ్మాయి ఫిల్టర్ కాఫీ చేసి, స్టీలు గ్లాసును గిన్నెలో పెట్టుకొని, తానే కిందికి తీసుకువచ్చి పెద్దమ్మ చేతికి ఇచ్చింది. వెనకే మొదటి రోజు కౌంటర్‌లో ఉన్న అబ్బాయి చిన్న చెంబులో వేడి పాలు పట్టుకొని దిగాడు. పెద్దమ్మ అతన్ని గుర్తుపట్టలేదు. ఇంకొన్ని పాలు పొయ్యమని గ్లాసు ముందుకు చాపింది.